అమరికల నకలు ఎవరి సొత్తు?

కంప్యూటర్లను ఇంటర్నెట్‌తో కలిపే చిన్న పెట్టెను రౌటర్ అంటారు. ఏ సమాచారాన్ని ఏ దారిన పంపాలో, ఎవరిని లోనికి రానివ్వాలో, ఎవరిని గడప దగ్గరే ఆపాలో దానికి ముందుగా నేర్పి ఉంచిన ఆదేశాల సముదాయమే దాని అమరిక. వాడుకలో వీటినే సెట్టింగులు అంటున్నాం. పెట్టె పాడైతే అంగడిలో మరొకటి దొరుకుతుంది, అమరిక దొరకదు. ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా చేర్చిన ఆదేశాలను మళ్లీ కూర్చడం సామాన్యమైన పని కాదు. అందుచేత దాని నకలు తీసి వేరొక చోట భద్రపరచాలన్న మాటను అందరూ ఒప్పుకొంటారు. ఆ నకలు ఎవరి అధీనంలో ఉండాలన్న దగ్గరే చిక్కు వస్తుంది.

2008 జూలైలో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈ చిక్కే ఒక నగరాన్ని కలవరపెట్టింది. నగర పాలక సంస్థ నెట్‌వర్కును తీర్చిదిద్దిన ఇంజనీరు దాని పాస్‌వర్డులను పై అధికారులకు ఇవ్వడానికి నిరాకరించి అరెస్టయ్యాడు. కొన్ని రౌటర్ల అమరికలు తాత్కాలిక మెమరీలో మాత్రమే ఉన్నాయని, విద్యుత్తు ఆగితే చెరిగిపోతాయని అప్పట్లో వార్తలు వచ్చాయి. విచిత్రమేమంటే, అన్ని రోజులూ నెట్‌వర్కు చక్కగా పనిచేస్తూనే ఉంది. దానిలో చిన్న మార్పు చేసే వీలు మాత్రం మరెవ్వరికీ లేకపోయింది. చివరకు మేయర్ గావిన్ న్యూసమ్ స్వయంగా జైలుకు వెళ్లి పాస్‌వర్డులు తెచ్చుకోవలసి వచ్చింది. 2010లో న్యాయస్థానం ఆ ఇంజనీరుకు నాలుగేళ్ల శిక్ష విధించింది.

అసమర్థుల చేతిలో పడితే నెట్‌వర్కు పాడవుతుందని అతని వాదన. ఆ భయం నిరాధారమని నేను అనను. అమరిక నకలు తాళంచెవుల గుత్తి వంటిది. అందులో పాస్‌వర్డులు కూడా ఉంటాయి. సిస్కో రౌటర్లలో 'టైప్ 7' పద్ధతిలో దాచిన పాస్‌వర్డును తెలిసినవారు క్షణాల్లో విప్పగలరు. కనుక నకలును ఎవరి చేతికి పడితే వారి చేతికి ఇవ్వరాదు. అయితే నిపుణుని ఆందోళన అతనికి యాజమాన్యపు హక్కును ఇవ్వజాలదు. రేపు అతడు జబ్బుపడవచ్చు, కొలువు మారవచ్చు. నకలును ఇతరులు చదవలేని రూపంలో భద్రపరచి, దాన్ని తెరిచే పాస్‌వర్డును బాధ్యతగల ఇద్దరి వద్ద ఉంచడం ఏ సంస్థకూ అసాధ్యం కాదు.

నకలు ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండటమూ తగదు. సిస్కో రౌటర్‌లో ప్రస్తుతం నడుస్తున్న అమరిక వేరు, యంత్రం తిరిగి మొదలైనప్పుడు చదువుకొనే అమరిక వేరు. చేసిన మార్పును రెండవదానిలో చేర్చకపోతే కరెంటు పోయి వచ్చేసరికి శ్రమ అంతా వృథా. (మన ఊళ్లలో కరెంటు సంగతి వేరే చెప్పాలా!) ఒక మోడలు నుండి తీసిన నకలును మరొక మోడలు అంగీకరించకపోవచ్చు. దాచినదాన్ని అప్పుడప్పుడు అదే రకపు మరో రౌటర్‌లో ఎక్కించి చూస్తే తప్ప అది పనికివస్తుందో లేదో తెలియదు.

మీ కళాశాలలో రౌటర్ అమరికల నకలు ఎక్కడుందో ఒకసారి అడిగి చూడండి. జవాబుగా ఒక మనిషి పేరు వినిపిస్తే, ఆ మనిషి సెలవులో ఉన్న రోజున మళ్లీ అడగండి.