స్పీకర్ కొనేముందు ఎవరి మాట వినిపించాలో తేల్చుకుందాం



ఆన్‌లైన్ పేరెంట్–టీచర్ మీటింగ్ అనగానే చాలామంది ముందుగా అడిగేది "వీడియో సరిగ్గా వస్తుందా మేడం?" అని. వీడియో రాకపోయినా మీటింగ్ జరిగిపోతుంది. మాట వినిపించకపోతే మాత్రం జరగదు. అందుకే కెమెరా మీద పెట్టే శ్రద్ధలో సగమైనా మైక్ మీద, స్పీకర్ మీద పెట్టాలని నా అభిప్రాయం. ఈ నెల దాని గురించే నాలుగు మాటలు.

2020 మార్చిలో స్కూళ్లు మూతపడ్డాయి. ఆ సెప్టెంబర్ 1 నుంచి మన రాష్ట్రంలో టీ–శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు మొదలయ్యాయి. ఇళ్లలో హడావిడిగా స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్‌లు, స్టాండ్లు కొన్నారు. మైక్ ఎలా ఉందో చూసుకునే తీరిక ఎవరికీ లేకపోయింది. తర్వాత పిల్లలు తరగతి గదులకు తిరిగొచ్చారు గానీ ఆన్‌లైన్ మీటింగులు మాత్రం ఉండిపోయాయి. తిరుమలాయపాలెం లాంటి చోట దానికి కారణం ఉంది. మిర్చి కోతల రోజుల్లో, పత్తి తీసే రోజుల్లో పని వదిలి స్కూలుకు రావడం అందరికీ కుదరదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే తండ్రి అరగంట మీటింగ్ కోసం ఇంత దూరం రాలేరు. కాబట్టి ఈ పద్ధతి ఉండాల్సిందే. ఉన్నప్పుడు అది పనికొచ్చేలా ఉండాలి కదా!

ఫోన్ ఎవరి చేతిలో ఉంది?

మీటింగ్‌లో మాకు స్పష్టంగా వినిపించేది ఫోన్ పట్టుకున్నవారి గొంతు ఒక్కటే. చాలా ఇళ్లలో ఆ ఫోన్ నాన్నగారి చేతిలో ఉంటుంది. రోజూ హోంవర్క్ చేయించే అమ్మ వెనకాల గుమ్మం దగ్గర నిలబడి ఏదో చెబుతారు. మాకు సగమే వినిపిస్తుంది. అమ్మానాన్నలిద్దరూ సిటీలో ఉంటే ఇక్కడ పిల్లాణ్ణి చూసుకునేది నాయనమ్మో, అమ్మమ్మో. "మేడం ఏమంటుందిరా?" అని ఆమె అడగడం మాకు లీలగా వినిపిస్తుంది. "బాగానే చదువుతున్నాడంట" అని పక్కనున్నవాళ్లు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మేం పది నిమిషాలు చెప్పిందంతా అక్కడితో సరి.

పిల్లాడు రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడో, పొద్దున ఏం తిని వస్తున్నాడో, ఏ సబ్జెక్టు పుస్తకం తీయడానికి సాకులు వెతుకుతున్నాడో తెలిసింది ఆ పెద్దావిడకే. మాకు కావలసిన సమాచారం ఆమె దగ్గరుంది, మేం చెప్పే సలహా పాటించాల్సిందీ ఆమే. అయినా మీటింగ్‌లో ఆమె గొంతు ఉండదు. దాన్ని మనం "పెద్దవాళ్లకు ఇవన్నీ పట్టవు" అని అనేసుకుంటాం. చాలాసార్లు అసలు అడ్డంకి మైక్ దూరంగా ఉండటమే.

ఇంగ్లీషు పలుకుబడికీ దీనికీ సంబంధం ఉంది

పాత టెలిఫోన్ లైన్లు దాదాపు 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య ఉండే శబ్దాన్నే పంపేవి. 'స' అన్నప్పుడు వచ్చే శబ్దం బలమంతా ఎక్కువగా 4,000 హెర్ట్జ్‌కు పైనే ఉంటుంది. 'ఫ' కూడా ఫోన్‌లో తేలిపోతుంది. అందుకే ఫోన్‌లో పేరు స్పెల్లింగ్ చెప్పాల్సి వస్తే "ఎఫ్ ఫర్ ఫాదర్, ఎస్ ఫర్ సిస్టర్" అని విడమరిచి చెప్పడం మనకు అలవాటైంది.

నాసిరకం మైక్‌తో ఆన్‌లైన్ క్లాసులోనూ ఇదే జరుగుతుంది. పాప "టూ క్యాట్స్" అంటుంది. అవతల టీచర్‌కు "టూ క్యాట్" అని వినిపిస్తుంది. పాపకు బహువచనం రాలేదని టీచర్ అనుకుంటారు. సరిగ్గా చెప్పినా ఎందుకు సరిదిద్దారో పాపకు అర్థం కాదు. రెండుసార్లు ఇలా జరిగితే మూడోసారి నోరు విప్పదు. "మా పాప ఆన్‌లైన్‌లో అస్సలు మాట్లాడదు మేడం" అని మీరు బాధపడే ముందు, ఆమె మాట మా దాకా ఎలా చేరుతోందో ఒకసారి చూడమని నా మనవి.

పాటల స్పీకర్ వేరు, మీటింగ్ స్పీకర్ వేరు

యూఎస్‌బీ స్పీకర్‌ఫోన్ అంటే బల్ల మీద పెట్టుకునే చిన్న గుండ్రటి పరికరం. స్పీకర్, మైక్ రెండూ అందులోనే ఉంటాయి. ల్యాప్‌టాప్‌కు కేబుల్‌తో తగిలిస్తే చాలు, కరెంటు కూడా ఆ కేబుల్ నుంచే తీసుకుంటుంది. యూఎస్‌బీ ఆడియోకు అన్ని కంపెనీలు పాటించే ఉమ్మడి పద్ధతి ఉండటంతో మామూలుగా వేరే సాఫ్ట్‌వేర్ వేయాల్సిన పని ఉండదు. సినిమాల్లో ఆఫీసు బల్ల మధ్యన మూడు కాళ్ల ఫోన్ ఒకటి చూసే ఉంటారు. పాలీకామ్ కంపెనీ 1992లో తెచ్చిన సౌండ్‌స్టేషన్ ఆ కోవలోది. తర్వాత వచ్చిన జాబ్రా స్పీక్ 410, పాలీ సింక్ 20, ఆంకర్ పవర్‌కాన్ఫ్ లాంటివి దానికి చిన్న తమ్ముళ్లు. ఉదాహరణకు చెప్పాను తప్ప, ఫలానాదే కొనమని నా సిఫారసు కాదు.

దీని అసలు పనితనం ప్రతిధ్వనిని ఆపడంలో ఉంది. స్పీకర్‌లోంచి వచ్చే టీచర్ గొంతు మళ్లీ మైక్‌లో పడితే అవతల టీచర్‌కు తన మాటే తనకు తిరిగి వినిపిస్తుంది. స్పీకర్‌ఫోన్‌కు తాను ఏ శబ్దం బయటికి వదిలిందో తెలుసు. మైక్‌లో పడినదాంట్లోంచి ఆ శబ్దాన్ని తీసేసి మీ మాటను మాత్రం పంపుతుంది.

పండగలకు పాటలు పెట్టుకునే బ్లూటూత్ స్పీకర్ ఇంట్లో ఉంది కదా, అది చాలదా అని అడుగుతుంటారు. అది గట్టిగా వినిపించడానికి తయారైంది. శ్రద్ధగా వినడానికి తయారైంది కాదు. కొన్నింటికి మైకే ఉండదు. మైక్ ఉన్నవాటిలో కూడా కాల్ మొదలవగానే బ్లూటూత్ వేరే పద్ధతిలోకి మారి శబ్దం నాణ్యత పడిపోతుంది. పాట కంగుమని వినిపించిన స్పీకర్‌లోనే మాట మొద్దుబారేది అందుకే. కేబుల్‌తో ఈ ఇబ్బంది ఉండదు.

ఎవరు కొనాలి, ఎవరికి అక్కర్లేదు?

ఇంట్లో ఒకరిద్దరే మీటింగ్‌లో కూర్చుంటారా? అయితే ఏమీ కొనకండి. మీ స్మార్ట్‌ఫోన్‌లోనూ ప్రతిధ్వని ఆపే ఏర్పాటు ఉంది. స్పీకర్ ఆన్ చేసి, ఫోన్‌ను చేతిలో పట్టుకోకుండా ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టండి.

పిల్లలు ఒంటరిగా క్లాసు వినడానికైతే మైక్ ఉన్న వైరు హెడ్‌సెట్ మేలు. మైక్ నోటి దగ్గరే ఉంటుంది, ఖర్చూ తక్కువ. కాకపోతే సౌండ్ మితంగా పెట్టాలి. పిల్లలకు వారానికి 40 గంటలు వింటే 75 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికాం సంస్థ కలిసి ఇచ్చిన ప్రమాణం చెబుతోంది. పక్కన కూర్చున్న మీకు హెడ్‌సెట్‌లోని పాఠం వినిపిస్తోందంటే సౌండ్ తగ్గించాల్సిందే.

ముగ్గురు, అంతకుమించి మనుషులు ఒక ల్యాప్‌టాప్ చుట్టూ తరచూ కూర్చునే ఇల్లయితే స్పీకర్‌ఫోన్ గురించి ఆలోచించవచ్చు. ఇంటి నుంచే ఆఫీసు పని చేసేవారు ఉంటే, అమెరికాలో ఉన్న పిల్లలతో వారం వారం మాట్లాడే తాతయ్య, అమ్మమ్మ ఉంటే దానికి రోజూ పని ఉంటుంది. మంచి కంపెనీవి వేల రూపాయల్లోనే ఉంటాయి కాబట్టి, ఏడాదికి మూడు స్కూల్ మీటింగుల కోసమే అయితే కొనొద్దనే చెబుతాను.

కొనేటప్పుడు చూడాల్సినవి

1. ఇద్దరూ ఒకేసారి మాట్లాడి చూడండి. మీరు మాట్లాడుతుండగా అవతలివారి మాట పూర్తిగా తెగిపోతుంటే అది మంచి పరికరం కాదు. మీటింగ్‌లో మధ్యలో "ఒక్క నిమిషం మేడం" అనే అవకాశం మీకు ఉండాలి.

2. మైక్ పరీక్షించండి. పరికరానికి నాలుగడుగుల దూరంలో కూర్చుని మామూలు గొంతుతో మాట్లాడి, ఆ రికార్డింగ్ వినండి. "సిప్", "షిప్", "క్యాట్", "క్యాట్స్" అని పలికితే తేడా తెలియాలి. సౌండ్ ఎంత పెద్దగా వస్తుందన్నది దీని తర్వాతి సంగతి.

3. పిన్ను చూడండి. మీ ల్యాప్‌టాప్‌కు పాత వెడల్పు యూఎస్‌బీ ఉందా, టైప్–సి ఉందా? ఫోన్‌కు తగిలించాలనుకుంటే కొనే ముందే మీ ఫోన్‌తో ప్రయత్నించండి. అన్ని ఫోన్లూ ఒప్పుకోవు.

4. మ్యూట్ బటన్ పరికరం మీదే ఉండాలి. నొక్కితే ఎర్ర లైటు వెలగాలి. ఆ లైటు ఉంటే నాయనమ్మకు కూడా మైక్ ఆగిందో లేదో తెలుస్తుంది.

5. వారంటీ, నచ్చకపోతే తిరిగిచ్చే గడువు చూసుకుని, ఆ గడువులోనే మీ ఇంట్లో, మీ గదిలో వాడి చూడండి. షాపులో బాగున్నది ఇంట్లో ఫ్యాన్ కింద బాగుండకపోవచ్చు.

పైసా ఖర్చు లేని మార్పులు

మాట్లాడే మనిషి నుంచి మైక్ దూరం రెట్టింపయితే నేరుగా చేరే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒక అడుగు దూరం నాలుగు అడుగులైతే 12 డెసిబెల్స్ పోయినట్టే. కాబట్టి పరికరం మార్చే ముందు కుర్చీలు దగ్గరకు జరపండి. టైల్స్ గదిలో మాట గోడలకు తగిలి మోగుతుంది. బట్టలు, పరుపులు ఉన్న పడకగది మేలు. కిందా ఒక టవల్ పరిచి దానిపై ఫోన్ పెట్టండి. ఫ్యాన్ గాలి నేరుగా మైక్‌కు తగలకుండా చూడండి. రేకుల ఇల్లయి వాన దంచి కొడుతుంటే మొహమాటపడకుండా మీటింగ్ ఇంకో రోజుకు మార్చమని అడగండి.

నెట్ బలహీనంగా ఉంటే కెమెరా ఆపేయండి. మాటకు సెకనుకు కొన్ని పదుల కిలోబిట్లు సరిపోతాయి, వీడియోకు వందల్లో కావాలి. ఇంకొకటి, యాప్‌లో శబ్దాన్ని వడపోసే సెట్టింగ్ ఉంటే అది పిల్లల పాటను, చప్పట్లను కూడా రొదగా భావించి కత్తిరించవచ్చు. రైమ్స్ చెప్పించేటప్పుడు దాన్ని ఆపి చూడండి.

స్పీకర్ ఆన్‌లో ఉంటే అందరూ వింటారు

స్పీకర్‌ఫోన్‌తో ఒక ప్రమాదమూ ఉంది. టీచర్ చెప్పేది ఇంటికి వచ్చిన చుట్టాలు, వరండాలో ఉన్న పక్కింటివాళ్లు కూడా వింటారు. అందరి ముందూ తన లెక్కల మార్కులు వినాల్సి వచ్చిన పిల్లవాడు ఆ మీటింగ్‌ను ఎప్పటికీ మర్చిపోడు. అందుకే మీటింగ్ మొదట్లోనే "గదిలో ఫలానావాళ్లం ఉన్నాం మేడం" అని చెప్పండి. అందరూ వినదగిన విషయాలు స్పీకర్ మీద మాట్లాడుకుందాం. పిల్లల ఇబ్బందుల గురించి విడిగా, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడుకుందాం.

స్కూళ్ల వంతు

ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బస్సు. వీటి మీద ఇంకో వస్తువు కొనమని అడగడం న్యాయం కాదు. ఏ స్కూలైనా సరే, స్పీకర్‌ఫోన్‌ను తల్లిదండ్రులు కొనాల్సిన లిస్టులో చేర్చకూడదు. మీటింగ్ జరిపే గదిలో ఒక మంచి స్పీకర్‌ఫోన్ స్కూలే పెట్టుకోవాలి. ఒక్కటి ఉంటే టీచర్లందరూ వంతులవారీగా వాడుకోవచ్చు. మా వైపు మైక్ బాగోకపోతే మీరు ఎంత ఖరీదైనది కొన్నా మా మాట మీకు బాగా వినిపించదు. గోడ మీది పెద్ద స్క్రీన్ గురించి అడిగినట్టే, దాని కింద మైక్ ఏముందో కూడా అడగండి. అడిగే హక్కు మీకుంది. అడిగితే మాలాంటి టీచర్లకూ మేలే.

వచ్చే ఆన్‌లైన్ మీటింగ్‌కు రెండు నిమిషాలు ముందే చేరండి. ఫోన్ బల్ల మీద పెట్టి, ఇంట్లో పిల్లలతో ఎక్కువసేపు గడిపేవారిని దానికి దగ్గరగా కూర్చోబెట్టండి. ముందుగా వారినే మాట్లాడనివ్వండి. వారి మాట మాకు స్పష్టంగా వినిపిస్తే, మీరు కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు.