పిల్లులకు కొలువిచ్చారు!

బయటికి వెళ్లేటప్పుడు పిల్లి ఎదురైతే మనవాళ్లు ఏం చేస్తారు? ఓ నిమిషం ఆగుతారు. కాస్త పెద్దవాళ్లయితే మళ్లీ ఇంట్లోకెళ్లి, కాళ్లు కడుక్కుని, గుక్కెడు నీళ్లు తాగి మరీ బయల్దేరతారు. అమెరికాలోని షికాగోలో కొన్ని వీధులవాళ్లు మాత్రం పొద్దున్నే తలుపు తీయగానే పిల్లి కనిపిస్తే సంబరపడిపోతారు. ఎందుకంటే, అది ఉత్తి పిల్లి కాదు... ఉద్యోగం చేస్తున్న పిల్లి! ఎలుకల్ని తరిమికొట్టడం దాని డ్యూటీ. రోజూ తిండి, తలదాచుకోవడానికో చిన్న గూడు దాని జీతం.

షికాగోకి ఎలుకల బెడద ఈనాటిది కాదు. ఆర్కిన్ అనే పురుగులూ ఎలుకల నివారణ సంస్థ, అమెరికాలో ఎలుకల బాధ ఎక్కువున్న నగరాల జాబితా ఏటా ప్రకటిస్తుంటుంది. అందులో 2015 నుంచి 2024 దాకా మొదటిస్థానం షికాగోదే. 2025లో లాస్ ఏంజెలెస్ ఆ 'కిరీటాన్ని' లాక్కునేవరకూ దాన్ని కదిలించినవాళ్లే లేరు. మందులు పెట్టారు, బోనులు పెట్టారు, కలుగులు పూడ్చారు. ఎలుకలు మాత్రం పోలేదు. అప్పుడే ట్రీ హౌస్ హ్యూమేన్ సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థకు ఓ ఆలోచన వచ్చింది. ఒకవైపు ఎవరికీ అక్కర్లేని వీధి పిల్లులు, మరోవైపు ఎవరూ వదిలించుకోలేని ఎలుకలు. ఈ రెంటినీ కలిపితే? అలా 2012లో 'క్యాట్స్ ఎట్ వర్క్' మొదలైంది.

ముందు కేజీలో... తర్వాత డ్యూటీలో!

ఈ పిల్లులు మన ఇళ్లలో ఒళ్లో కూర్చుని గుర్రుగుర్రుమనేవి కావు. వీధుల్లోనే పుట్టి, వీధుల్లోనే పెరిగినవి. మనిషి చెయ్యి తగిలితే బెదిరిపోతాయి, లేదంటే రక్కేస్తాయి. పెంచుకుంటామని ఎవరూ ముందుకు రారు. అలాంటి పిల్లుల్ని షెల్టర్లకు తీసుకెళితే చాలాచోట్ల చివరికి మిగిలేది ప్రాణం తీసే ఇంజెక్షనే. అంటే, ఈ ఉద్యోగం వాటికి అక్షరాలా బతుకుదెరువు.

వాటిని పట్టుకొచ్చి ముందు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తారు. టీకాలు వేస్తారు. ఆపరేషన్ అయిందనడానికి గుర్తుగా ఒక చెవి కొసను కాస్త కత్తిరిస్తారు. తర్వాత రెండు మూడింటిని కలిపి, ఎలుకలతో వేగలేకపోతున్న ఇంటి పెరట్లోనో గోదాములోనో పెద్ద కేజీలో ఉంచుతారు. కొన్ని వారాలపాటు అక్కడే తిండి, అక్కడే నిద్ర. తెచ్చిన రోజే వదిలేస్తే పిల్లి పాతచోటు వెతుక్కుంటూ పారిపోతుంది. ఆ వాసనలు, చప్పుళ్లు అలవాటై, ఇదే తన చోటని నమ్మకం కుదిరాకే తలుపు తీస్తారు. ఆ తర్వాత వాటికి రోజూ తిండీ నీళ్లూ పెట్టే పూచీ ఆ ఇంటివాళ్లదే.

'కడుపు నిండితే ఇంక వేటేం చేస్తుంది?' అన్న అనుమానం సహజమే. కానీ పిల్లికి ఆకలి వేరు, వేట వేరు. గిన్నెలో పాలన్నం వదిలేసి కూడా తోక ఊపుతున్న బల్లివైపు పొంచి కూర్చోవడం ఎవరికి తెలీదు?

షికాగోలోనే కాదు, మరికొన్ని నగరాల్లోనూ ఇదే దారి పట్టారు. 2017లో వాషింగ్టన్‌లో 'బ్లూ కాలర్ క్యాట్స్' పేరుతో పిల్లులకు పని ఇప్పించడం మొదలుపెట్టారు. లాస్ ఏంజెలెస్‌లో పూలమార్కెట్టుకీ, పోలీస్‌స్టేషన్లకీ పిల్లుల్ని కాపలా పెట్టారు. దొంగల్ని పోలీసులు చూసుకుంటే... ఎలుకల్ని పిల్లులు చూసుకుంటాయన్నమాట!

రాణిగారి ఫర్మానా

నిజానికి పిల్లికి సర్కారు కొలువు కొత్తేం కాదు. రష్యా మహారాణి ఎలిజబెత్ 1745లో, కజాన్ నుంచి ఎలుకల్ని పట్టడంలో దిట్టలైన పిల్లుల్ని రాజప్రాసాదానికి పంపమని ఫర్మానా జారీ చేసింది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆ ప్రాసాదం ఉన్నచోటే తర్వాత హెర్మిటేజ్ మ్యూజియం వెలిసింది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు నగరాన్ని దిగ్బంధించినప్పుడు తిండి లేక మనుషులే పిట్టల్లా రాలిపోయారు. పిల్లులూ మిగల్లేదు. పిల్లుల్లేని ఊళ్లో ఎలుకలు రాజ్యమేలాయి. దిగ్బంధం సడలాక బయటి ప్రాంతాల నుంచి పిల్లుల్ని ప్రత్యేకంగా రప్పించాల్సి వచ్చింది. ఇప్పటికీ హెర్మిటేజ్ నేలమాళిగల్లో పదుల సంఖ్యలో పిల్లులున్నాయి. పై అంతస్తుల్లో డావిన్చీ చిత్రాలు, కింద వాటి కావలివాళ్లు!

ఇంగ్లండులో 1868లో లండన్ మనీఆర్డర్ ఆఫీసులో కాగితాలు కొరికేస్తున్న ఎలుకల కోసం మూడు పిల్లుల్ని ఉద్యోగంలోకి తీసుకున్నారు. జీతం వారానికి ఒక షిల్లింగు. అదీ చాలదంటే మిగతాది ఎలుకల రూపంలో సంపాదించుకోవాల్సిందే! బ్రిటన్ ప్రధాని నివాసంలో 2011లో చేరిన ల్యారీ అనే పిల్లి అయితే 2024 నాటికే ఆరుగురు ప్రధానుల్ని చూసేసింది.

పట్టింది రెండే!

ఇంతకీ పిల్లులు ఎలుకల్ని నిజంగా పట్టేస్తున్నాయా? ఇక్కడే ఉంది అసలు కథ.

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో చెత్తను వేరుచేసే ఓ ప్లాంటు ఉంది. మైకేల్ పార్సన్స్ అనే పరిశోధకుడి బృందం అక్కడి ఎలుకలమీద అధ్యయనం చేస్తుండగా వీధి పిల్లులు పిలవని పేరంటానికి వచ్చాయి. సరే, అదీ చూద్దామని కెమెరాలు తిప్పారు. 79 రోజులు చిత్రీకరించారు. సుమారు 150 ఎలుకలున్న చోట, పిల్లులు ఎలుకల్ని పొంచి వెంటాడినవి 20 సార్లు. చంపబోయినవి మూడుసార్లు. చంపినవి... రెండంటే రెండు! 2018లో ఈ ఫలితాలు బయటికొచ్చాక చాలామంది ముక్కున వేలేసుకున్నారు.

కారణం ఎలుక సైజు. చిట్టెలుక ముప్ఫై గ్రాములుంటే నగరాల్లో తిరిగే పెద్ద ఎలుక దాదాపు 330 గ్రాములు తూగుతుంది. పళ్లు ఉలుల్లాంటివి. మూలకు తరిమితే ఎదురు తిరుగుతుంది. హాయిగా దొరికే చిట్టెలుకనో పిట్టనో వదిలి ఆ తంటా ఎందుకని పిల్లి అనుకుంటుంది. బాల్టిమోర్‌లో జరిగిన పరిశోధనలో కూడా (1986) పిల్లులు చంపినవాటిలో ఎక్కువభాగం 200 గ్రాముల లోపు పిల్ల ఎలుకలేనని తేలింది. ఈ సంగతి మన పల్లెల్లో అమ్మమ్మలకు ఏ పరిశోధనా లేకుండానే తెలుసు. గాదె కింద పందికొక్కు కనిపిస్తే, ఎంతటి గడుసు పిల్లయినా చూడనట్టు పక్కకు తప్పుకుంటుంది!

మరి షికాగోవాళ్లు ఎలుకలు తగ్గాయంటున్నారే! అదీ అబద్ధం కాదు. పిల్లి వాసన తగిలితే ఎలుక జంకుతుంది. బ్రూక్లిన్‌లో కూడా పిల్లులు తిరిగే రోజుల్లో ఎలుకలు బయటికి రావడం తగ్గించాయి. అంటే కంటికి కనపడటం మానేశాయి. కలుగుల్లోనే ఉన్నాయి, లేదంటే పక్కవీధికి వెళ్లాయి. మన పెరటి సమస్య పక్కింటివాళ్ల సమస్య అయిందన్నమాట.

పిట్టలకు ప్రాణసంకటం

'పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం' అంటారు. ఇక్కడ ప్రాణసంకటం పిట్టలకు! అమెరికాలో పిల్లుల బారినపడి ఏటా 130 కోట్ల నుంచి 400 కోట్ల పక్షులు చనిపోతున్నాయని 2013లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అందులో ఎక్కువ వాటా యజమాని లేని పిల్లులదే. అందుకే పక్షిప్రేమికులు ఈ 'కొలువులు' వద్దే వద్దంటారు. ఆస్ట్రేలియా అయితే అరుదైన జంతువుల్ని కాపాడుకోవడానికి 20 లక్షల అడవి పిల్లుల్ని చంపాలని 2015లో లక్ష్యం పెట్టుకుంది. ఒక దేశం ఉద్యోగమిస్తే, ఇంకో దేశం మరణశాసనం రాసింది!

ఆరోగ్యం సంగతీ ఉంది. పిల్లుల మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండొచ్చు. గర్భిణులకు సోకితే కడుపులో బిడ్డకు ప్రమాదం. ఇంకో వింత ఏంటంటే, ఈ పరాన్నజీవి సోకిన ఎలుకలకు పిల్లి వాసనంటే సహజంగా ఉండే భయం పోతుందని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2000లో తేల్చారు. పైగా పిల్లుల్ని పెట్టినచోట ఎలుకలమందు వాడకూడదు. మందు తిన్న ఎలుకను పిల్లి తింటే దాని ప్రాణానికే ముప్పు.

మన దగ్గర..?

ఎలుకంటే వినాయకుడి వాహనం. చవితినాడు దండం పెట్టి, మర్నాడు బియ్యం బస్తాకు చిల్లు పడితే కర్ర పట్టుకుంటాం. అంతవరకూ అయితే నవ్వుకోవచ్చు. కానీ 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఎలుకలు కొరికిన పదిరోజుల పసికందు కన్నుమూసిన ఘటన తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. అలాంటి చోట పిల్లుల్ని వదలడం పరిష్కారమవుతుందా? కాదు. పసిపిల్లలూ, బాలింతలూ, నీరసించిన రోగులూ ఉండేచోట పిల్లి కూడా ఉండకూడదు. అక్కడ కావాల్సింది గోడల్లో కన్నాలు పూడ్చడం, డ్రైనేజీ గొట్టాలకు జాలీలు బిగించడం, మంచాల కింద అన్నం మెతుకులు లేకుండా చూడటం.

గోదాములు, మార్కెట్లు, రైసుమిల్లుల సంగతి వేరు. అక్కడ ఆపరేషన్ చేయించిన రెండు పిల్లుల్ని బాధ్యతగా చూసుకునేవాళ్లుంటే చిట్టెలుకల బెడద కొంత తగ్గొచ్చు. ఆ పిల్లులూ నాలుగు కాలాలు బతుకుతాయి. కానీ పిల్లిని తెచ్చి వదిలేసి చేతులు దులుపుకుంటే ఏడాది తిరిగేసరికి పిల్లుల గుంపు తయారవుతుంది, ఎలుకల గుంపు అలాగే ఉంటుంది.

న్యూయార్క్ నగరమే దీనికి ఉదాహరణ. దశాబ్దాలపాటు చెత్తను సంచుల్లో మూటగట్టి ఫుట్‌పాత్‌ల మీద పెట్టడం అక్కడి అలవాటు. రాత్రయ్యేసరికి ఎలుకలకు విందుభోజనం! 2024లో దుకాణాలన్నిటికీ, చిన్న నివాసభవనాలకూ మూతలున్న డబ్బాలు తప్పనిసరి చేశారు. ఆ తర్వాత ఎలుకలమీద ఫిర్యాదులు తగ్గాయని అధికారులు ప్రకటించారు. ఎలుకల్ని ఏ పిల్లీ చేయలేని పని ఓ ప్లాస్టిక్ మూత చేసింది!

పిల్లి మెడలో గంట ఎవరు కడతారన్నది ఎలుకల పాత సమస్య. చెత్తబుట్టకు మూత ఎవరు పెడతారన్నది మన సమస్య. ఆ పని మనం చేయకపోతే పిల్లి మాత్రం ఎన్నింటినని పడుతుంది పాపం!