ఎవరు సిగ్గుపడాలి?

ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు సిగ్గుపడే సమాజం ఈ దేశంలో త్వరలోనే వస్తుందని కేంద్ర హోం మంత్రి అమిత్ షా ఢిల్లీలో ఓ పుస్తకావిష్కరణ సభలో సెలవిచ్చారు. మన చరిత్ర, సంస్కృతి పరాయి భాషలో పూర్తిగా అర్థం కావని కూడా అన్నారు. ఆ మాటతో మాకు పేచీ లేదు.

పేచీ సిగ్గు దగ్గరే. భాష పేరిట సిగ్గుపడే రోజు కొత్తగా రానక్కర్లేదు, ఎప్పుడో వచ్చింది. సిగ్గుతో చస్తున్నది మాత్రం ఇంగ్లిష్ వచ్చినవాళ్లు కాదు, రానివాళ్లు. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫస్టొచ్చిన పిల్ల ఇంజినీరింగ్ కాలేజీలో చేరాక జవాబు తెలిసీ చెయ్యెత్తదు. తప్పు మాట్లాడితే పక్కవాళ్లు నవ్వుతారేమోనని భయం. సెమినార్ రోజున జ్వరమని హాస్టల్లో ఉండిపోతుంది. క్యాంపస్ సెలక్షన్లలో రాతపరీక్ష గట్టెక్కి, గ్రూప్ డిస్కషన్‌లో నోరు పెగలక వెనుదిరుగుతుంది. తెలివి తక్కువై కాదు. ఏళ్ల తరబడి ఇంగ్లిష్ చదివించిన బడి ఆమెతో మాట్లాడించలేదు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ఇంగ్లిష్ అంటే అంతా రాతే, నోటితో పనే లేదు.

భాష పేరిట పిల్లల్ని సిగ్గుపరచడం మనకు కొత్త కాదు. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఓ ప్రైవేటు బడి, తెలుగు మాట్లాడారని పిల్లల మెడలో పలకలు వేలాడదీసింది. మంత్రిగారు ఇప్పుడు ఆ పలకనే తీసి ఇంకో మెడకు తగిలిస్తున్నారు.

పోనీ, ఆయన సర్కారైనా ఇంగ్లిష్‌ను వదిలిందా? జేఈఈ మెయిన్ తెలుగులో రాసిన కుర్రాడికి అడ్వాన్స్‌డ్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే దొరుకుతుంది. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ ఇంగ్లిష్‌లోనే. సుప్రీంకోర్టు గడప తొక్కితే రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం అక్కడా ఇంగ్లిషే. ఇన్నిచోట్ల తప్పనిసరి చేసి, మాట్లాడితే సిగ్గుపడాలనడం ఏం నిజాయితీ? నగరాల కాన్వెంట్లలో చదివినవాళ్లు ఈ మాట విని నవ్వుకుని పోతారు. తగిలేది, మొన్ననే ధైర్యం చేసి తప్పులతోనే రెండు వాక్యాలు మాట్లాడిన కూలీ బిడ్డకు. ‘నీకెందుకురా ఇంగ్లిష్’ అని ఊళ్లో వెటకారం చేసేవాడికి ఇకపై సాక్షాత్తూ హోం మంత్రి మాటే దన్ను.

ముందు జేఈఈ అడ్వాన్స్‌డ్, గేట్ ప్రశ్నపత్రాలు తెలుగులో ఇప్పించండి. ఆ పని చేసేదాకా ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లల జోలికి రావద్దు. అన్న మాటను అమిత్ షా వెనక్కి తీసుకోవాలి.