మైకు కంటే ముందు గొంతు

'పాడ్‌కాస్ట్' అనే మాట పుట్టి రెండు దశాబ్దాలు దాటింది. ఎవరికి వారు ఇంట్లోనే రేడియో వంటి కార్యక్రమాలు తయారుచేసి ఇంటర్నెట్ ద్వారా పంచుకునే కొత్త అలవాటుకు ఏ పేరు పెట్టవచ్చునా అని 2004 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని 'గార్డియన్' పత్రికలో బెన్ హామర్స్లీ అనే రచయిత యోచిస్తూ సూచించిన పేర్లలో ఇది ఒకటి. మరుసటి సంవత్సరమే న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ నిఘంటువు వారు దీనిని 2005వ సంవత్సరపు మాటగా ఎంపిక చేశారు. నేడు మన మధ్యతరగతి ఇళ్లలోనూ ఈ వ్యాసంగం ప్రవేశించింది. విశ్రాంత ఉపాధ్యాయులు శతక పద్యాలకు తాత్పర్యం చెబుతున్నారు. గృహిణులు పచ్చళ్ల మెలకువలు వివరిస్తున్నారు. అమ్మమ్మలు డాలస్‌లోనో సిడ్నీలోనో పెరుగుతున్న మనుమల కోసం పేదరాశి పెద్దమ్మ కథలు చెప్పి పంపుతున్నారు. ఇది హర్షించదగిన పరిణామమే.

ఆరోగ్య పత్రికలో ఈ ప్రసక్తి ఎందుకని పాఠకులకు సందేహం కలుగవచ్చు. ఈ పనికి అసలైన పనిముట్లు గొంతు, మనస్సు. తక్కినవన్నీ వాటి తరువాతివే. అయినా చాలామంది మొదట మైకు కొంటారు. ఉత్సాహంగా నాలుగైదు భాగాలు విడుదల చేస్తారు. ఆపైన మౌనం వహిస్తారు. ఎందుకు మానేశారని అడిగితే "ఆ మైకు అంత మంచిది కాదండీ" అంటారే గాని, గొంతు బొంగురుపోయిందనో, వినేవారు లేరని మనసు విరిగిందనో చెప్పరు. మానుకోవడానికి అసలు కారణాలు ఆ రెండేనని నా అభిప్రాయం.

మొదట మనస్సు సంగతి చూద్దాం. ఒకనాటి ఆకాశవాణి వక్తకు తన ప్రసంగాన్ని ఎందరు విన్నారో ఆ పూటకు ఆ పూట తెలిసేది కాదు. విజయవాడ కేంద్రం నుండి రామాయణ భారతాలను వినిపించి, 'ధర్మసందేహాలు' శీర్షికలో శ్రోతల ప్రశ్నలకు సమాధానాలు చెప్పిన ఉషశ్రీ గారికి శ్రోతల స్పందన ఉత్తరాల రూపంలో చేరేది. ఉత్తరం వ్రాయాలంటే ఒక మనిషి కూర్చోవాలి, ఆలోచించాలి, కార్డు కొనాలి. నేటి పాడ్‌కాస్టు నిర్వాహకులకు ఉత్తరాలకు బదులు అంకెలు కనబడుతున్నాయి. నిన్న పదిహేడు మంది విన్నారు, నేడు పదకొండు మందే. పక్క వీధిలోని వారికి వేలమంది! ఉదయం కాఫీకి ముందే ఆ అంకె చూసుకుని దిగులు పడేవారిని నేనెరుగుదును.

చరకసంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో మలమూత్రాదుల వేగాలను ఆపరాదని చెప్పిన ఆచార్యుడు, ఆ వెంటనే ఆపుకోవలసిన వేగాలను కూడా పేర్కొన్నాడు. లోభం, శోకం, భయం, క్రోధం, ఈర్ష్య వంటి మనోవేగాలు వాటిలోనివి. వాటిని పుట్టనే పుట్టనీయకుండా చేసుకోమని ఆయన అనలేదు, పట్టి ఆపమన్నాడు. ఇది నాకు ఎంతో ఆచరణయోగ్యంగా తోస్తుంది. 'సదా సంతోషంగా ఉండండి' అనే నేటి హితబోధల వల్ల ఎవరి దిగులూ తీరినట్లు నేను చూడలేదు. పరుల శ్రోతల సంఖ్య చూసి ఈర్ష్య పుట్టడం సహజం. ఆ ఈర్ష్య లేచిన క్షణంలోనే తన కార్యక్రమాన్ని మార్చివేయడం, గొంతు పెంచి అరవడం, అర్ధరాత్రి కూర్చుని మరో రెండు భాగాలు రికార్డు చేయడం మాత్రం తప్పించుకోదగినవే.

ఇందుకు కొన్ని కట్టుబాట్లు ఉపకరిస్తాయి. ఆరంభించే ముందే పన్నెండు భాగాలు చెబుతానని నిశ్చయించుకోవాలి. అంతవరకు కొనసాగించాలా వద్దా అనే విచారణ పెట్టుకోరాదు. మూడు నాలుగు భాగాలు ముందే సిద్ధం చేసి ఉంచుకుంటే జ్వరం వచ్చినా, ఇంట్లో పెళ్లి పడినా ఆందోళన ఉండదు. అంకెలు నెలకొకసారి చూస్తే చాలు. వ్యాఖ్యలను ముందుగా ఇంట్లో మరొకరు చదివి, పనికివచ్చే వాటినే వినిపించడం మరీ మంచిది. ఒక్క ఎదుటి మనిషిని, చెల్లెలినో మనుమరాలినో, మనసులో నిలుపుకుని మాట్లాడేవారి కంఠంలో వినసొంపైన చనువు తానై వస్తుంది. అంతేకాదు, గొంతు కూడా అనవసరంగా పైకి లేవదు.

ఇక గొంతు. మాట్లాడేటప్పుడు స్వరతంతువులు పురుషులలో సెకనుకు నూరుసార్లకు పైగా, స్త్రీలలో ఇంచుమించు రెండు వందల సార్లు కంపిస్తాయి. అరగంట ఏకధాటిగా చదివితే అవి ఎన్ని లక్షల తాకిళ్లకు గురవుతాయో పాఠకులే లెక్కకట్టవచ్చును. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రంలో స్వరభేదానికి ఒక ప్రత్యేకాధ్యాయమే ఉన్నది. మిక్కిలి బిగ్గరగా మాట్లాడటం, అధ్యయనం చేయడం దాని కారణాలలో చెప్పబడినవి. వేదపాఠకులకు చెప్పిన ఆ మాట నేటి పాడ్‌కాస్టు వారికి అక్షరాలా వర్తిస్తుంది.

రికార్డింగుకు ముందు గటగటా ఒక చెంబెడు నీళ్లు త్రాగితే గొంతు తడుస్తుందని పలువురి నమ్మకం. త్రాగిన నీరు స్వరతంతువులను నేరుగా తాకదు, తాకితే పొలమారుతుంది! శరీరంలో చేరిన నీరే కాలక్రమాన వాటికి తేమనిస్తుంది. కనుక ఉదయం నుండి కొద్దికొద్దిగా గోరువెచ్చని నీరు త్రాగుతూ ఉండాలి. నేరుగా తాకేది ఆవిరి. ఏ మందూ కలపని వట్టి నీటి ఆవిరి అయిదు నిమిషాలు పడితే హాయిగా ఉంటుంది. మరిగే గిన్నె పిల్లలకు అందకుండా చూసుకోవాలి. మాటిమాటికి 'అహం, అహం' అని గొంతు సవరించుకోవడం తంతువులను ఒకదానితో ఒకటి కొట్టించడమే. అలా అనిపించినప్పుడు ఒక గుక్క నీరు మ్రింగండి. గొంతు పోయినప్పుడు గుసగుసలాడటం కూడా విశ్రాంతి కాదు, చాలామందిలో అది శ్రమే. మౌనమే మందు.

గోరువెచ్చని నువ్వుల నూనెను నోట పట్టి ఉమ్మివేసే పద్ధతిని చరకుడు దినచర్యలో చెప్పి, దానివల్ల దవడలకు, స్వరానికి బలమన్నాడు. కంఠానికి హితమైన పది ద్రవ్యాల జాబితాలో అతిమధురం, పిప్పలి, ద్రాక్ష ఉన్నాయి. అతిమధురం చిన్న ముక్క బుగ్గన పెట్టుకోవడం గాయకులలో ఉన్న అలవాటే. అయితే దానిని రోజుల తరబడి అధికంగా వాడితే రక్తపోటు పెరుగుతుంది, రక్తంలో పొటాషియం తగ్గుతుంది. రక్తపోటు, గుండె, మూత్రపిండాల వ్యాధులున్నవారు, గర్భిణులు దాని జోలికి పోరాదు. చల్లదనాన్నిచ్చే మింటు బిళ్లలు చప్పరించి మరో గంట మాట్లాడేవారున్నారు. ఆ బిళ్ల అలసటను తీర్చదు, తెలియనీయదు. బొంగురు మూడు వారాలు దాటినా, మ్రింగడం కష్టమైనా, దగ్గులో రక్తం కనిపించినా ఇంటి చిట్కాలు కట్టిపెట్టి చెవి, ముక్కు, గొంతు వైద్యుని చూడవలసిందే.

యంత్రసామగ్రి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. మీ చేతిలోని సెల్‌ఫోను, చొక్కాకో పైటకో తగిలించుకునే చిన్న మైకు ఆరంభానికి సరిపోతాయి. మైకు నోటికి ఎదురుగా గాక కొంచెం పక్కగా ఉంటే ప, ఫ, భ అన్నప్పుడు ఊపిరి ధ్వని పడదు. ఖాళీ గదిలో మాట మారుమ్రోగుతుంది. మంచంమీద పరుపు, దండెంమీద దుప్పట్లు, తలుపు తీసిన బట్టల బీరువా ఉన్న గది ఏ స్టూడియోకూ తీసిపోదు. ఫ్యాను తప్పక ఆపాలి. మన ఎండలలో అది శిక్షే కనుక కుక్కరు ఈలలు మొదలుకాని తెల్లవారుజాము వేళ శ్రేష్ఠం. నిద్రలేచిన వెంటనే గాక, కొంతసేపు మెల్లగా మాట్లాడి గొంతు సడలిన తరువాత ఆరంభించండి. మాట ఎత్తుకునే ముందు పది సెకన్లు గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేయండి. 'ఆడాసిటీ' అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఆ నమూనాను పట్టుకుని వెనుకనున్న హోరును తగ్గించగలదు. తడబడిన చోట మొదటినుండి చదవనవసరం లేదు. ఒకసారి చప్పట్లు కొట్టి ఆ వాక్యాన్నే తిరిగి చెబితే, తెరమీద గీత నిటారుగా లేచిన చోటు వెతికి పాతదాన్ని కత్తిరించవచ్చును.

పూర్తయిన ప్రతి భాగాన్నీ రెండు వేర్వేరు చోట్ల దాచుకోండి. ఇంటర్నెట్ సంస్థలు శాశ్వతం కావు. గూగుల్ వారి పాడ్‌కాస్టు సేవ 2024లో మూతపడింది. అమ్మమ్మ చెప్పిన కథ ఒక ప్రతి ఇంట్లోని పెన్‌డ్రైవులోనూ, మరొకటి మనుమరాలి కంప్యూటరులోనూ ఉండాలి.