పొద్దున రౌండ్స్‌లో చూద్దాంలే!

‘బీపీ బాగానే ఉందిగా సిస్టర్, పొద్దున రౌండ్స్‌లో చూద్దాంలే.’ రాత్రి రెండింటికి ఫోన్‌లో ఈ మాట వినని స్టాఫ్ నర్సు మనలో ఎవరైనా ఉన్నారా? అవతల డ్యూటీ డాక్టర్ ఫోన్ పెట్టేస్తారు. ఇవతల, పొట్ట ఆపరేషనైన మనిషి నిమిషానికి 28 సార్లు ఊపిరి తీస్తుంటాడు. నాడి 120 దాటింది. యూరిన్ బ్యాగులోకి గంటకు 30 మిల్లీలీటర్లు కూడా దిగడం లేదు. అవన్నీ చెప్పాకే వచ్చిన జవాబు అది!

లోపల రక్తం పోతున్నప్పుడు శరీరం రక్తనాళాలను బిగించి, గుండెను పరుగెత్తించి, బీపీని చాలాసేపు నిలబెట్టుకొస్తుంది. అది పడిపోయేనాటికి విలువైన గంటలు దాటిపోయి ఉంటాయి. ఇది నర్సు ఊహ కాదు. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌లో, మూడేళ్ల జీఎన్ఎంలో మాకు నేర్పిన పాఠం. చదివించారు, పరీక్షలు పెట్టారు, రిజిస్ట్రేషన్ ఇచ్చారు. తీరా ఆ చదువును రోగి కోసం వాడబోతే ‘చెప్పింది చెయ్యి, చాలు’ అంటారా?

బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లోనే ఊపిరి, ఆక్సిజన్, బీపీ, నాడి, స్పృహ, ఉష్ణోగ్రతలకు మార్కులు వేసే పద్ధతి తెచ్చింది. మొత్తం 7కు చేరితే అత్యవసరంగా పెద్ద డాక్టర్లు కదలాలి. 2017లో దాన్ని సవరించి, కొత్తగా మొదలైన తికమకను కూడా ప్రమాద సూచనగా చేర్చారు. సాయంత్రం కూతురితో కబుర్లు చెప్పిన పెద్దాయన అర్ధరాత్రి ‘ఇది ఎవరిల్లు?’ అని అడిగితే, ఆ తేడా ముందు పట్టేది పక్కనున్న నర్సే.

మన వార్డుల్లో కేస్ షీటు తిరగేయండి. ఊపిరి గడిలో అందరికీ 20! బద్ధకమని తిడతారు. ఒక్క నర్సుకు ముప్పై, నలభై మందిని అప్పగిస్తే ఎవరి ఊపిరి నిమిషంపాటు లెక్కపెట్టాలి? లెక్కపెట్టినా వినేవాళ్లు లేరని తెలిశాక ఎందుకు లెక్కపెట్టాలి? నర్సు మీద ఒక్క రోగి పెరిగినా, ఆపరేషనైనవాళ్లు 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లోనే అమెరికాలోని పెన్సిల్వేనియా ఆస్పత్రుల లెక్కలతో చూపింది. అయినా ఎవరికి పట్టింది?

రోగి పోతే మాత్రం అందరికీ నర్సు గుర్తొస్తుంది. బంధువుల తిట్లు ఆమెకే, మెమో ఆమెకే. ‘నోట్స్‌లో ఎందుకు రాయలేదు?’ అని గద్దిస్తారు. రాస్తే ‘నన్ను ఇరికిస్తావా?’ అని కళ్లెర్ర చేస్తారు. నర్సింగ్‌కు సంబంధించిన 1947 నాటి చట్టం స్థానంలో 2023లో నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం తెచ్చారు. చట్టం మారినా ఫోన్‌లో జవాబు మారలేదు.

మేం డాక్టర్ల కుర్చీ అడగడం లేదు. నర్సు కబురు చేసిన సమయం, అటునుంచి వచ్చిన జవాబు కేస్ షీటులో ఎక్కాలి. డ్యూటీ డాక్టర్ రాకపోతే నేరుగా పెద్ద డాక్టర్‌ను లేపే హక్కు ఆమెకు రాతపూర్వకంగా ఉండాలి. అలా లేపినందుకు ఏ మెమో రాకూడదు. మీ మనిషి ఆస్పత్రిలో ఉంటే, నర్సు పిలిచినా ఎవరూ రాకపోతే, మీరూ ఆమెతో గొంతు కలపండి.

నర్సు ముందే చెప్పినా వినక పోగొట్టుకున్న ప్రాణాన్ని రోగం ఖాతాలో రాయడం ఇకనైనా మానండి.