ఆఫీసులో మూడు తరాలు, బోర్డు మాత్రం ఒక్కటే

పేరెంట్స్ మీటింగుకు వచ్చే మనలో ఎక్కువమందిమి ముప్పై అయిదుకీ యాభైకీ మధ్య వయసువాళ్లం. ఉద్యోగమైనా సొంత వ్యాపారమైనా మనది నడిమి వరస. పైన అరవైకి దగ్గరపడ్డ పెద్దాయన ఉంటారు. ఏ కాగితమైనా ప్రింటు తీసి చేతికిస్తే తప్ప చదవరు. కింద ఇరవై మూడేళ్ల అమ్మాయి ఉంటుంది. చెప్పిన పని మొదలుపెట్టే ముందు "ఇది ఎందుకు సార్?" అని అడుగుతుంది. ఇద్దరికీ సర్దిచెప్పి ఇంటికి చేరేసరికి పిల్లల హోంవర్కు చూసే ఓపిక మిగలదు.

ఈ దూరం ముందుముందు పెరిగేదే గానీ తగ్గేది కాదు. తెలంగాణలో 2021లో ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసు 58 నుంచి 61కి, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 60 నుంచి 62కి పెరిగింది. మరోవైపు ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల్లోకి లక్షమందికి పైగా కొత్త ఉద్యోగులు వచ్చారు. ముప్పై ఏళ్ల సర్వీసున్న అధికారి, మొన్న మొన్నటిదాకా కోచింగ్ సెంటర్లో కూర్చున్న కుర్రాడు ఒకే మండలంలో కలిసి పనిచేయాలి. ప్రైవేటు రంగంలో లెక్కలు వేరు కావచ్చు, పరిస్థితి మాత్రం ఇదే.

దీనికి మార్కెట్లో దొరికే మందు ఒకటుంది. పుట్టిన సంవత్సరాన్ని బట్టి ఉద్యోగులను బేబీ బూమర్లు, జెన్ ఎక్స్, మిలీనియల్స్, జెన్ జెడ్ అని నాలుగు గళ్లలో వేసి, ఏ గడివాళ్లతో ఎలా మాట్లాడాలో చెప్పే ఒకరోజు శిక్షణ. మధ్యాహ్నం భోజనం మాత్రం బాగుంటుంది. ఆ పేర్లు అమెరికాలో పుట్టినవి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ జననాలు ఒక్కసారిగా పెరిగాయి కాబట్టి ఆ పిల్లలకు బేబీ బూమర్లని పేరొచ్చింది. ఆ గీతలు మనకు సరిపోవు. మన దగ్గర తరాలను విడదీసేవి వేరే ఉన్నాయి. 1991 ఆర్థిక సంస్కరణలకు ముందు ఉద్యోగంలో చేరారా, తర్వాత చేరారా? ల్యాండ్‌ఫోన్ కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఇల్లా, 2016లో జియో వచ్చాక ఫోన్‌లో పాఠాలు విన్న ఇల్లా? ఇంట్లో చదువుకున్న మొదటి మనిషా, మూడో మనిషా? ఒకే ఏడాది పుట్టిన ఇద్దరిలో ఒకరు మాదాపూర్‌లో, ఇంకొకరు మారేడుమిల్లిలో పెరిగితే వాళ్లది ఒకే తరమని నన్ను ఏ పట్టికా ఒప్పించలేదు.

నా అభిప్రాయం ఇది: ఆఫీసుల్లో వయసు గొడవలుగా కనిపించేవాటిలో చాలావరకు వయసు గొడవలు కావు. యాజమాన్యం తేల్చుకోకుండా వదిలేసిన ఒక ప్రశ్న, కింద ఉద్యోగుల మధ్య తగాదాగా బయటపడుతోంది. మన సంస్థ ఎవరికోసం, దేనికి పేరు తెచ్చుకోవాలి అన్నదే ఆ ప్రశ్న. మార్కెటింగ్‌వాళ్లు దీన్ని పొజిషనింగ్ అంటారు. అల్ రీస్, జాక్ ట్రౌట్ అనే ఇద్దరు అమెరికన్లు 1981లో ఆ పేరుతోనే పుస్తకం రాశారు. కొనేవాడి మనసులో మన సరుకుకు ఏ చోటు ఉందనేదే అందులో అసలు విషయం. మన ఊళ్లకు ఇది కొత్తేమీ కాదు. "రేటు ఎక్కువే గానీ మందులు అసలువి", "నెలాఖరు దాకా ఖాతా రాసుకుంటాడు", "పెళ్లి బట్టలకైతే అక్కడికే వెళ్లాలి" అని జనం అనుకునే మాటే పొజిషనింగ్.

ఆ బట్టల షాపునే తీసుకుందాం. పాతికేళ్లుగా ఉన్న సేల్స్‌మన్ తెల్ల పరుపు మీద నలభై చీరలు పరుస్తాడు. మంచినీళ్లు తెప్పిస్తాడు, పెళ్లికూతురి మేనత్తకు పెట్టుబడి చీర కొన్నారో లేదో తనే గుర్తుచేస్తాడు. ఒక్క బేరానికి రెండు గంటలు పడుతుంది. కొత్తగా చేరిన కుర్రాడికి ఇదంతా టైము దండగ. చీరలు హ్యాంగర్లకు వేద్దాం, ధర ట్యాగులు పెడదాం, రీల్స్ తీద్దాం అంటాడు. ఇద్దరిలో ఎవరు రైటు? షాపు పెళ్లి బట్టలకు పేరు పడాలనుకుంటే పెద్దాయన రైటు. రోజూ ఆఫీసుకు కట్టుకెళ్లే చీరలకు పేరు పడాలనుకుంటే కుర్రాడు రైటు. ఓనరు ఏ సంగతీ తేల్చడు. ఆయనతో "నువ్వన్నట్టే కానీ బాబాయ్" అంటాడు, ఇతనితో "సరే, చెయ్యి" అంటాడు. ఆర్నెల్లు తిరిగేసరికి ఒకరు "ముసలాయన మారడు" అంటారు, ఇంకొకరు "ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు" అంటారు. ఓనరు మనిద్దరిలాంటి వాళ్ల దగ్గరికొచ్చి, తరాల మధ్య దూరం చాలా ఎక్కువైపోయిందని వాపోతాడు.

పెద్ద కంపెనీల్లో ఇదే సంగతి చూడాలంటే మన చేతి గడియారాల కథ చాలు. హైదరాబాద్‌లో చింతల్ వైపు తిరిగేవాళ్లకు హెచ్‌ఎంటీ పేరు కొత్త కాదు, ఆ సంస్థ యంత్ర పరికరాల ఫ్యాక్టరీ అటువైపే. అదే సంస్థ 1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో వాచీల తయారీకి దిగింది. మన నాన్నల తరంలో పరీక్ష పాసైతే హెచ్‌ఎంటీ, పెళ్లికి హెచ్‌ఎంటీ. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీ ఆ కంపెనీకి తెలియనిదేమీ కాదు, 1980ల మొదట్లోనే చేసింది. కానీ తన పేరు కీ ఇచ్చే వాచీకా, కొత్త వాచీకా అన్నది గట్టిగా తేల్చుకున్నట్టు కనపడదు. అది దెబ్బతినడానికి ఇదొక్కటే కారణం అనను, ప్రభుత్వ రంగ సంస్థలకు ఉండే కష్టాలు వేరే ఉన్నాయి. చివరకు 2016లో దాని వాచీల కంపెనీ మూసివేతకు కేంద్రం ఆమోదం తెలిపింది.

1984లో టాటాలు, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి పెట్టిన టైటాన్ మాత్రం మొదటి రోజు నుంచే తేల్చుకుంది. వాచీ అంటే టైము చూసుకునే పరికరం మాత్రమే కాదు, నలుగురిలో పెట్టుకుని తిరిగేది, కానుకగా ఇచ్చేది అంది. హోసూరు ఫ్యాక్టరీకి చుట్టుపక్కల ఊళ్ల నుంచి, అప్పుడే స్కూలు చదువు ముగించిన పిల్లలను తీసుకుని పని నేర్పింది. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ పిల్లలే తల్లిదండ్రులయ్యారు, టైటాన్ కూడా నాన్నల వాచీ అయింది. అప్పుడు ఆ కంపెనీ టైటాన్‌కే కుర్రవేషం వేయలేదు. 1998లో ఫాస్ట్‌ట్రాక్ మొదలుపెట్టి, 2005లో దాన్ని విడి బ్రాండుగా నిలబెట్టింది. కుర్రకారుకు వాళ్ల బోర్డు, పెద్దలకు వాళ్ల బోర్డు. ఏ కౌంటరులో ఏ మాట చెల్లుతుందో అక్కడ పనిచేసేవాళ్లకు ముందే తెలిసిపోతుంది. (తమాషా ఏమిటంటే, ఇప్పుడు పాతికేళ్ల కుర్రాళ్లు హెచ్‌ఎంటీ పైలట్ వాచీ కోసం ఇంటర్నెట్‌లో వెతుకుతున్నారు. కీ ఇచ్చుకోవడమే వాళ్లకు ముచ్చటట. కుర్రాళ్లకు ఏది నచ్చుతుందో పుట్టిన సంవత్సరం చూసి చెప్పడం ఎంత కష్టమో దీన్ని బట్టే తెలుస్తుంది.)

బోర్డు తేల్చుకున్నంత మాత్రాన మనుషుల సంగతి వాటంతటదే సర్దుకోదు. జర్మనీలో డింగోల్ఫింగ్ అనే ఊళ్లో బీఎండబ్ల్యూ ఫ్యాక్టరీ ఉంది. ఇంకో పదేళ్లలో తమ కార్మికుల సగటు వయసు 47కు చేరుతుందని వాళ్లు 2007లో లెక్కవేశారు. కంపెనీ పేరు నాణ్యత మీద నిలబడింది, దాన్ని వదులుకోలేరు. అనుభవం ఉన్నవాళ్లను ఇంటికి పంపడం కూడా కుదరదు. అందుకని ఒక లైనులో ఇప్పుడే సగటు వయసు 47 ఉండేలా మనుషులను పెట్టి, "మీకు ఎక్కడ నొప్పి పుడుతోంది, ఏం మారిస్తే బాగుంటుంది?" అని వాళ్లనే అడిగారు. మొదట తోటివాళ్లు దాన్ని పింఛనుదారుల లైను అని ఎగతాళి చేశారు. చెక్క నేల వేయడం, కూర్చుని పనిచేసే వీలు కల్పించడం, చిన్న భాగాలు చూడటానికి భూతద్దాలు పెట్టడం లాంటి చిన్న చిన్న మార్పులు 70 దాకా చేశారు. మొత్తం ఖర్చు సుమారు 40,000 యూరోలు. ఏడాదిలో ఆ లైను ఉత్పాదకత 7 శాతం పెరిగింది. మన దగ్గర షోరూముల్లో సేల్స్‌గర్ల్స్ రోజంతా నిలబడే ఉంటారు. వాళ్లను ఈ ప్రశ్న ఎవరు అడిగారు?

నేర్చుకోవడం కింది నుంచి పైకీ సాగాలి. 1999లో జనరల్ ఎలక్ట్రిక్ అధిపతి జాక్ వెల్చ్ తన కంపెనీలో అయిదు వందల మంది పెద్ద అధికారులను ఇంటర్నెట్ నేర్పే చిన్నవాళ్లను వెతుక్కోమన్నాడు. తనూ నేర్చుకున్నాడు. నానమ్మకు వీడియో కాల్ నేర్పిన మనవరాలు ఉన్న ఇళ్లలో ఇదేమంత వింత కాదు. అయితే ఆ మనవరాలికి నానమ్మ ఏం నేర్పుతుందన్నది ఎవరూ ఏర్పాటు చేయరు. చాలా ఆఫీసుల్లోనూ అంతే. చిన్నవాళ్లు పెద్దలకు సాఫ్ట్‌వేర్ నేర్పుతారు. ఏ పార్టీ డబ్బు ఎప్పుడు కడతాడో, ఎవరికి అప్పు ఇవ్వకూడదో తెలిసిన పెద్దాయన ఆ సంగతులు ఎవరికీ చెప్పకుండానే రిటైరైపోతాడు.

ఇదంతా మన ఇళ్లకు దగ్గరగా వచ్చేది సొంత వ్యాపారం ఉన్నచోట. ఈ రోజు తొమ్మిదో తరగతిలో ఉన్న అబ్బాయో అమ్మాయో ఇంకో పదేళ్లకు చదువు ముగించుకుని షాపులో కూర్చుంటారు. వచ్చిన వారానికే బోర్డు మార్చాలి, ఏసీ పెట్టాలి, యాప్ కావాలి అంటారు. నాన్న సంబరంగా ఒప్పుకుంటాడు. ముప్పై ఏళ్లు తాళాలు దగ్గర పెట్టుకున్న గుమాస్తా మాత్రం ఒక మూలకు జరుగుతాడు. ఆయనతోపాటు, ఆయన మొహం చూసి వచ్చే గిరాకీలూ జరుగుతాయి. అంతకంటే ముందే చేయగలిగిన పని ఒకటుంది. షాపుకు జనం ఎందుకొస్తున్నారో ఆ గుమాస్తానూ, వచ్చే గిరాకీలు కొందరినీ అడగండి. ఆ మాటలు పిల్లల ముందే అడగండి. తర్వాత కొత్తగా వచ్చినవాళ్లకు షాపంతా కాకుండా ఒక్క కౌంటరు, దాని కొనుగోళ్లు, దాని లాభనష్టాలతో సహా పూర్తిగా అప్పగించండి. గుమాస్తాను మొదటి రోజే వాళ్ల చేతికింద పెట్టకండి. "నువ్వు ఇక రెస్టు తీసుకో అన్నా" అన్న మాట ఎంత ప్రేమగా అన్నా, వినేవాడికి అది వెళ్లిపొమ్మన్నట్టే ఉంటుంది.

మన పిల్లల స్కూళ్లకూ ఈ ప్రశ్న వర్తిస్తుంది. స్కూలు పత్రికలోనే ఈ మాట రాస్తున్నందుకు ఎవరూ నొచ్చుకోరనుకుంటాను. దాదాపు ప్రతి కార్పొరేట్ స్కూలు బ్రోచరులోనూ ర్యాంకులూ ఉంటాయి, ఆటపాటలతో ఒత్తిడిలేని బాల్యమూ ఉంటుంది. రెండూ కావాలని అడిగేది మనమే. స్టాఫ్ రూములో మాత్రం లెక్కల సార్ ఒకరు పాతికేళ్లుగా బోర్డు మీద ఒక్కో మెట్టూ రాయించే మనిషి. పక్కనే నిరుడు చేరిన మేడమ్ పిల్లలను గుంపులుగా కూర్చోబెట్టి, స్మార్ట్‌బోర్డు మీద ఆట ఆడిస్తూ చెబుతుంది. ఒక సెక్షన్ తల్లిదండ్రులు సార్ గట్టిగా కోప్పడతారని మెసేజ్ పెడతారు, ఇంకో సెక్షన్‌వాళ్లు మేడమ్ తక్కువ లెక్కలు చేయిస్తోందని పెడతారు. వాట్సాప్ గ్రూపులో అది పాతతరం, కొత్తతరం అనే చర్చగా మారుతుంది. మనం స్కూలు నుంచి అసలు ఏం కోరుతున్నామన్నది ఎవరూ తేల్చరు, ఇద్దరు టీచర్లు మాత్రం ఒకరి మీద ఒకరు పోటీకి దిగాల్సి వస్తుంది.

సెక్షన్ మార్చమని అర్జీ పెట్టేముందు, వచ్చే పేరెంట్స్ మీటింగులో కోఆర్డినేటరును ఒక్క ప్రశ్న అడిగి చూడండి. సార్ క్లాసులో మేడమ్, మేడమ్ క్లాసులో సార్ నెలకు ఒక్క పీరియడైనా వెనక బెంచీలో కూర్చుని వింటున్నారా? లేదంటే, అందుకు టైంటేబుల్లో చోటు ఎప్పుడు దొరుకుతుందో కూడా అడగండి.