డప్పు సప్పుడు కావాలె, డప్పు కొట్టెటోడు వద్దు



2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఒక నిర్ణయం తీసుకున్నది. దేశంలో 234 కొత్త పట్టణాలకు 730 ప్రైవేటు ఎఫ్‌ఎం చానళ్లు వేలం వేస్తమన్నది. రిజర్వు ధర మొత్తం 784.87 కోట్లు. ఆ లిస్టులో మన కరీంనగర్ ఉన్నది, ఆదిలాబాద్ ఉన్నది, మంచిర్యాల, రామగుండం ఉన్నయి. ఒక్కో పట్నానికి మూడు చానళ్లు. మాతృభాషలో, స్థానిక యాసలో కార్యక్రమాలు పెరుగుతయని ప్రకటనలో రాసిండ్రు. ఈ పట్నాల్లో చాలామట్టుకు వెనుకబడిన జిల్లాల్లో, నక్సల్ ప్రభావిత ప్రాంతాల్లో ఉన్నయని కూడా రాసిండ్రు. సంతోషం. నేను అడిగేది ఒక్కటే. ఆ చానళ్లు పొద్దందాక ఏం పాటలు వేస్తయి?

నాకు తెలుసు, మీకూ తెలుసు. ఇయ్యాల ఆటోల్లో, బరాత్‌లల్లో, గణపతి నిమజ్జనంలో మోగేవే వేస్తయి. "తెలంగాణ ఫోక్" అని పేరు పెట్టుకున్న సరుకు. ఒక బావ, ఒక మరదలు, ఒక పట్టు లంగా, ఒక బండి. మధ్యమధ్యలో "పిల్లో", "ఓ పిలగా". వెనుక డప్పు. ఆ డప్పు సుత డప్పు కాదు, ప్యాడ్ మీద వేలు పెట్టి నొక్కితే వచ్చే సప్పుడు. మేకతోలు లేదు. దాన్ని మంటకు కాగబెట్టేటోడు లేడు. కుడిచేతిలో సిర్ర లేదు, ఎడమచేతిలో సిటికెన పుల్ల లేదు. మా వాడకట్టోళ్లను ఊరవతల ఉంచి, మా చేతిలోని సప్పుడును మాత్రం ఊరు నడిమిట్ల స్పీకర్లో పెట్టుకున్నరు. డీజే బండి వచ్చిన కాడికి డప్పు దళానికి పిలుపు బంద్. పెండ్లి సీజన్లో నాలుగు రూపాయలు వచ్చే పని పోయింది. ఆ సప్పుడుకు మాత్రం యూట్యూబ్‌లో కోట్ల వ్యూస్.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోత. నేను నీతులు చెప్పడానికి కూసోలేదు. సరసం పాటల మీద నాకు కోపం లేదు. నాట్లేసేటప్పుడు మన అవ్వలు పాడే పాటలు వింటే ఈ ఫోక్ స్టార్లు సిగ్గుతో చెవులు మూసుకుంటరు. కాని ఆ అవ్వల పాటల్లో దొర కూడా ఉంటడు, దొరను ఎక్కిరించుడు ఉంటది, తాగొచ్చి కొట్టిన మొగడు ఉంటడు, కూలి లెక్క ఉంటది. ఇప్పటి పాటల తయారీలో నడుము ఒక్కటి మిగిల్చి తతిమ్మాదంతా జల్లెడ పట్టి పారబోసిండ్రు. పారబోసిందే మన బతుకు.

మనకు పాట అంటే వార్త. ఇది అలంకారానికి అంటున్న మాట కాదు. చదువు రానియ్యని కులాలకు పత్రిక లేదు, చిట్టా లేదు, కోర్టు కాయితం లేదు. ఊర్లో ఏం జరిగినా డప్పు మీద చాటింపు. చావుకు ఒక దరువు, పెండ్లికి ఒక దరువు, బోనానికి ఒక దరువు, దండోరాకు ఒక దరువు. దూరంగ చెలకలో పని చేసేటోడు దరువు విని ఊర్లో ఏమైందో చెప్పేటోడు. ఇప్పుడు చట్టం చూడుండ్రి. మన దేశంలో ప్రైవేటు ఎఫ్‌ఎంలు సొంతంగ వార్తలు చెప్పొద్దు, ఆకాశవాణి బులెటిన్ ఉన్నదున్నట్టు వినిపించొచ్చు, అంతే. అంటే ఆ చానళ్లలో మన సంగతి రావాలంటే పాటలోనే రావాలె. ఆ పాటలో సంగతి లేకుండ చేసినంక ఇగ ఏం మిగులుతది? వ్యాపార ప్రకటనల మధ్య సప్పుడు మిగులుతది.

సంగతి ఉన్న పాట ఎట్లుంటదో చెప్పడానికి ఎక్కడికో పోనక్కరలేదు. దండేపల్లి మండలం లింగాపురం చాలు. గూడ అంజయ్య అక్కడ పుట్టిండు, 1955లో. అప్పుడది ఆదిలాబాద్ జిల్లా, ఇప్పుడు మంచిర్యాల. ఆయన ఫార్మసిస్టుగ సర్కారు కొలువు చేసిండు. సర్కారు దవాఖానకు నేను రానని ఒక మనిషి మొండికేసే పాట రాసిండు. మందులు ఇచ్చే కౌంటరు లోపలి నుంచి లైను చూసిన మనిషి, లైనులో నిలబడ్డోళ్ల గొంతుతో రాసిన పాట అది. నవ్వు వస్తది, కొంచెం సేపటికి గొంతు పట్టుకుంటది. ఆరోగ్య శాఖ మీద వంద పేజీల రిపోర్టు చేయలేని పని చేసింది. 2016 జూన్‌లో అంజయ్య పోయిండు. లింగాపురం నుంచి మంచిర్యాల ఎంత దూరం? రేపు మంచిర్యాలలో పెట్టబోయే ఎఫ్‌ఎం ఆ పాట వేస్తదా? పందెం కాస్తరా?

ఈ కథ మన ఒక్కరిదే కాదు. అమెరికాలో నల్లోళ్ల సంగీతానికి 1920ల నుంచి "రేస్ రికార్డులు" అని పేరు. తెల్లోళ్ల పాటలు ఒక అర, నల్లోళ్ల పాటలు ఇంకో అర. మన ఊర్లల్లో రెండు గ్లాసుల పద్ధతి లెక్కనే. బిల్‌బోర్డ్ పత్రిక 1949లో ఆ పేరు తీసేసి రిథమ్ అండ్ బ్లూస్ అని పెట్టింది. పేరు మారింది, అర మారలేదు. మెంఫిస్‌లో డబ్ల్యూడీఐఏ అనే రేడియో స్టేషన్ 1948లో నల్ల శ్రోతల కోసం కార్యక్రమాలు మొదలుపెట్టింది. మైకు ముందట నల్ల మనిషి, గల్లా పెట్టె కాడ తెల్ల ఓనర్లు. 1963లో బర్మింగ్‌హామ్‌ల చర్చిలో బాంబు పెట్టి నలుగురు నల్ల ఆడపిల్లల్ని చంపినప్పుడు నీనా సిమోన్ కోపంతో మిసిసిపీ మీద పాట కట్టింది. దక్షిణాది స్టేషన్లు ఆ పాట వేయలేదు. పేరులో తిట్టు ఉన్నదని సాకు. చర్చిలో పిల్లల్ని చంపుడు తిట్టు కాదట, పాటలో మాట తిట్టట.

ఓనర్ మనోడైతే బాగుపడుతదా? అదీ చెప్పలేం. మోటౌన్ కంపెనీ ఓనర్ బెర్రీ గోర్డీ నల్లోడే. మార్విన్ గే 1970లో యుద్ధం మీద, పోలీసు లాఠీల మీద పాట పాడుకొస్తే, ఇది మార్కెట్‌లో నడవదన్నడు. బయటికి తెచ్చేదాక ఇంకో పాట రికార్డు చెయ్యనని గే పట్టుపట్టిండు. 1971 జనవరిలో విడుదలైంది, జనం ఎగబడి కొన్నరు. "జనం ఇదే అడుగుతున్నరు" అనేటోళ్లకు నేను ఈ ఒక్క ఉదాహరణ చాలంట. జనానికి ఒకటే కూర వండిపెట్టి, చూడు అదే తింటున్నరని చెప్పుడు సర్వే కాదు.

ఇగ మనోళ్ల సంగతి. నేను ఇట్ల మాట్లాడితే గోదావరిఖని, జమ్మికుంట తమ్ముళ్లు మెసేజ్‌లు పెడ్తరు. "అన్నా, మేం కూడ మన వాడోళ్లమే. కెమెరా అప్పు చేసి కొన్నం. నాలుగు పాటలు ఆడితే ఇల్లు గడుస్తది. నువ్వు చెప్పే పాటలకు వెయ్యి వ్యూస్ రావు." తమ్మీ, నీ కడుపు మీద కొట్టుడు నా పని కాదు. బావ పాటలు తియ్యి, పైసలు సంపాయించు. పదిట్లో ఒక్కటి మీ అవ్వ కాడ కూసోని రికార్డు చెయ్యి. పాట ఎవరిదో కింద పేరు రాయి. "జానపదం" అని రాసి చేతులు దులుపుకోకు. జానపదం అంటే ఎవరిదీ కాదని అర్థం తీస్తున్నరు, అక్కడనే దొంగతనం షురువైతది. 2021లో సారంగదరియా పాట సినిమాకెక్కినప్పుడు దాన్ని అమ్మమ్మ కాడ నేర్చుకొని టీవీలో పాడిన కోమల అనే గాయని, నా సంగతేందని అడగాల్సి వచ్చింది. అడిగితే గాని గుర్తుకు రాలేదు.

సర్కారు సంగతి సుత చెప్పాలె. ధూంధాంలల్లో గొంతు చించుకొని రాష్ట్రం తెచ్చినోళ్లల్లో 550 మందిని సాంస్కృతిక సారథి పేరుతో కొలువుల్లో పెట్టుకున్నరు. కళాకారుడికి జీతం వచ్చుడు మంచిదే, నేను కాదనను. కాని ఆ గొంతులతో పాడిపిచ్చింది ఏంది? పథకాల పాటలు. ప్రశ్నించెటోనికి జీతమిచ్చి ప్రశ్న మాన్పిచ్చుడు పాత దొరలకు తెలిసిన విద్యే. 2024లో సినిమా అవార్డులకు గద్దర్ పేరు పెట్టిండ్రు. బతికున్నప్పుడు ఆయన నంది అవార్డు వద్దన్న మనిషి.

ఇంకో దిక్కు నుంచి ఒక ప్రశ్న వస్తది, దీనికి జవాబు చెప్పకుండ పోలేను. "డప్పే మన మెడకు కట్టిన గుదిబండ. దొర చస్తే ఉత్తగ కొట్టిచ్చుకున్నరు. దాన్ని ఇంకా మోసుడెందుకు?" ఇది మన ఇండ్లల్లో చదువుకున్న పిల్లలు అడిగే ప్రశ్న, న్యాయమైన ప్రశ్న. వెట్టి డప్పును ఇసిరికొట్టిన మాదిగ పల్లెలకు దండం. కాని దండోరా ఉద్యమం అదే డప్పును తీసుకొని వర్గీకరణ కోసం రోడ్డు మీదికి వచ్చింది. లక్ష డప్పులు, వేయి గొంతులని పిలుపిచ్చింది. వాళ్లు పిలిస్తే పోయి కొట్టుడు వెట్టి. మనం పిలుచుకొని కొట్టుడు వేరే. ఈ తేడా తెలియనోళ్లకే డప్పు ప్యాడ్ మీద ముద్దుగ వినబడుతది.

మరి మంచి పాట ఏడున్నది? మస్తుగ ఉన్నది. ఎతకాలె. సోల్ మ్యూజిక్ అని వాళ్లు దేన్నన్నరో, ఆ ప్రాణమున్న పాట మన కాడ ఉన్నది. 2023లో వచ్చిన బలగం సినిమా మన సిరిసిల్ల దిక్కు కథ. చివర్లో బుడగ జంగాల కొమురమ్మ, మొగిలయ్య దంపతులు పాడిన పాట లేకుంటే ఆ సినిమాకు ప్రాణమే లేదు. ఊర్లల్లో పరదాలు కట్టి చూసుకుంట జనం వెక్కివెక్కి ఏడ్సిండ్రు. చావు ఇంట్లో కూసోని, పోయినోని బతుకును బతికున్నోళ్ల ముందట కథగ చెప్పుడు వాళ్లకు తరతరాల విద్య. మూత్రపిండాలు చెడిపోయి, డయాలసిస్ చేయించుకుంట మొగిలయ్య 2024 డిసెంబర్‌లో పోయిండు. నాగర్‌కర్నూల్ దిక్కు కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చిండ్రు, అంతకు ముందటి యేడే సినిమాకు పాడిచ్చుకున్నరు. 2024లో ఆయన హైదరాబాద్ శివారులో కూలి పని చేస్తున్నడని పేపర్లు రాసినయి.

ఆదిలాబాద్ పొండ్రి. కేస్లాపూర్ నాగోబా జాతరలో పర్ధాన్లు కిక్రీ వాయించుకుంట గోండుల కథలు పాడ్తరు. మూడు తీగల వాద్యం. గోండు రాజుల పుస్తకం ఆ తీగల మీదనే ఉన్నది, ఆ పుస్తకం మోసెటోళ్లు మాత్రం గోండులల్లనే కింది మెట్టు. (మన డక్కలోళ్లు మాదిగల కథ మోసినట్టు. కింది మెట్టుకు కింద ఇంకో మెట్టు ఉంటదని బాబాసాహెబ్ ఊరికే చెప్పలేదు.) మార్లవాయి కనకరాజు గుస్సాడీ ఆటకు 2021లో పద్మశ్రీ తెచ్చిండు, 2024లో పోయిండు. 1986 నుంచి ఆదిలాబాద్‌లో ఆకాశవాణి కేంద్రం ఉన్నది. ఆ అల్మారాల్లో పడి ఉన్న టేపులు ప్రజల ఆస్తి. వాటిని బయటికి తియ్యమని అడిగే హక్కు మనకున్నది.

రేడియో మన చేతికి వస్తదా అని నవ్వెటోళ్లు జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్ పోయి చూడుండ్రి. దళిత ఆడోళ్లు, వ్యవసాయ కూలీలు, సన్నకారు రైతులు సంఘం రేడియో నడిపిండ్రు. గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. పదేండ్లు కొట్లాడి, 2008 అక్టోబర్ 15న వాళ్లు స్టేషన్ పెట్టుకున్నరు. ఆ తీర్పు రాసిన జస్టిస్ పి.బి. సావంత్ వచ్చి మొదలుపెట్టిండు. ఆల్గోలె నర్సమ్మ, జనరల్ నర్సమ్మ మైకు ముందట కూసున్నరు. విత్తనాల ముచ్చట, పండుగ పాటలు, పొలం పనుల పాటలు, అన్నీ వాళ్ల యాసలోనే. ఆ యాసను సరిదిద్దే పంతులు ఎవ్వడూ లేడు.

కమ్యూనిటీ రేడియో లైసెన్స్ 2002 నుంచి విద్యాసంస్థలు అడగొచ్చు, 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలూ అడగొచ్చు. వేలంపాట లేదు, కోట్లు పెట్టనక్కరలేదు. శాతవాహన యూనివర్సిటీ పిల్లలారా, ఈ పని మీ విద్యార్థి సంఘాల డిమాండ్లల్ల ఎందుకు లేదు? మెస్ బిల్లులు, స్కాలర్‌షిప్‌లు రాయుండ్రి, దాని కింద ఇది రాయుండ్రి. మిగిలినోళ్లు ఈ ఆదివారం ఫోన్ తీసుకొని మీ వాడలో పెద్దమనిషి కాడికి పోండ్రి. దరువు కొట్టమనుండ్రి, ఏ దరువు ఎందుకో అడుగుండ్రి, పేరు, ఊరు, తేదీ చెప్పించి రికార్డు చేయుండ్రి. ముందుగాల చాయ్ పోయించి, వెళ్లేటప్పుడు పైసలిచ్చి రాండ్రి. ఉత్తగ కొట్టిచ్చుకోకుండ్రి.

జై భీమ్.